నిటారుగా దిద్దిన బురుజు

బురుజు ఒరుగుతోందని మీకు తెలుసు. తెలియదని ఇప్పుడు నీళ్లు నమలకండి. కట్టడాల శాఖలో కుర్చీలకు అతుక్కుపోయిన మీకు రెండేళ్ల కిందటే తెలుసు, మీ ఇంజనీరే రాసిచ్చాడు. ఆ కాగితాన్ని ఫైళ్ల అడుగున తొక్కిపెట్టి, పైన ఒక అందమైన ఫొటో పెట్టారు. ముప్పై మీటర్ల రాతి బురుజు ఆ ఫొటోని చూసి సిగ్గుపడి నిటారుగా నిలబడుతుందనుకున్నారు కాబోలు. అదీ చాలక ఈ ఏడు దాని పడమటి పక్క, దీపాల తీగల కోసమని నడుము లోతు గోయి తవ్వించారు. తవ్వుతుంటే నీళ్ల గొట్టం పగిలింది. దానికి గుడ్డ చుట్టి చేతులు దులుపుకున్నారు. నెల రోజులుగా ఆ నీళ్లు పునాదిలోకి ఇంకుతున్నాయి. గోయి అవతల సందు ఉంది. సందులో నలభై ఇళ్లు, నలభై ఇళ్లలో మనుషులు. మీ పోస్టర్లలో మనుషులుండరు కనక మీకు గుర్తు రాకపోవచ్చు.

ఆ ఫొటో తీసినామెని వెనకేసుకు రావడానికి కాదు ఇది చెప్పడం. తప్పులో ఆమె చెయ్యీ ఉంది. ఆమె ఒప్పుకుంది, మీరు ఒప్పుకోలేదు, అదొక్కటే తేడా. ఈ పొద్దున ఏం జరిగిందో వినండి.

ఆమెని అందరూ రసమట్టం అంటారు. గోడ సరిగ్గా లేచిందో లేదో చూసుకోవడానికి మేస్త్రీలు వాడే చిన్న పరికరం అది. అడ్డం చూడ్డానికొకటి, నిలువు చూడ్డానికొకటి గాజు గొట్టం, గొట్టంలో పచ్చటి నీళ్లు, నీళ్లలో ఒక బుడగ. ఆమె మెడలో తాడుకి అదెప్పుడూ వేలాడుతూ ఉంటుంది. కెమెరా మర్చిపోయి బయల్దేరిన రోజైనా ఉందేమో గానీ అది మర్చిపోయిన రోజు లేదు. ఎవరింటికి వెళ్లినా గోడ మీద వంకరగా వేలాడే పటాన్ని సరిచేసి గానీ కూర్చోదు. ఒళ్లు కాలిపోయే జ్వరంతో డాక్టరు దగ్గరికి వెళ్లి, మందు సంగతి మర్చిపోయి ఆయన గోడ మీది పట్టాని తిన్నగా పెట్టి వచ్చిందని ఆమె మేనమామ ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతాడు.

పాత కోటలు, వంతెనలు, మండపాలు, బురుజులు తిరిగి తిరిగి ఫొటోలు తియ్యడం ఆమె పని. యాత్రల పుస్తకాలకి, క్యాలెండర్లకి, మీ శాఖ పోస్టర్లకి. ఈ పనిలో ఓనమాలు ఒకటే: నిలువు గీత నిలువుగా ఉండాలి. కింద నిలబడి ఎత్తైన కట్టడాన్ని తీస్తే అది వెనక్కి వాలినట్టో పక్కకి ఒరిగినట్టో పడుతుంది. అది కెమెరా చేసే మోసం. ఆ మోసాన్ని కొంత లెన్సుతో, మిగిలింది కంప్యూటర్లో దిద్దాలి. దిద్దకుండా ఇచ్చావో, పని రానివాడు తీశాడంటారు. ఆమె పని వచ్చినామె. అక్కడే వచ్చింది చిక్కు.

ఈ బురుజుని ఆమె పదకొండేళ్లుగా తీస్తోంది. ఏటా ఒకే నెలలో, ఒకే వేళకి, ఒకే చోటి నుంచి. ముంగిట్లో దక్షిణం వైపు ఒక రాతి పలక ఉంది. కెమెరా కాళ్లు జారకుండా మేనమామ ఆ పలక మీద ఉలితో మూడు గుంటలు చెక్కిపెట్టాడు. ఆయన బురుజు తాళాల మనిషి. ముప్పై ఏళ్లుగా ఆ మెట్లు ఆయనవే. మరమ్మతులని మూడేళ్లు మూసిపెట్టిన మెట్లు ఈ రోజే తెరుస్తున్నారు. పదకొండు గంటలకి రిబ్బను, ఆ వెంటనే రెండు వందల మంది పైకి. గేటు దగ్గర నిలబెట్టే పెద్ద బోర్డుకి కొత్త ఫొటో తొమ్మిదికల్లా కావాలని మీ శాఖ డైరెక్టరు హుకుం.

ఏడున్నరకి ఆమె కెమెరా కాళ్లు గుంటల్లో దించింది.

"ఏమ్మా రసమట్టం, బుడగ మధ్యకొచ్చిందా?" అన్నాడు మేనమామ, తాళాల గుత్తి ఆడిస్తూ.

"నువ్వు అడ్డం లేస్తే నేనూ చూసుకుంటా మావయ్యా."

"నేను అడ్డమొస్తే బురుజు కనపడదా? అంత లావెక్కానా?"

"అత్తయ్యని అడుగు."

"అడిగే ధైర్యముంటే ఇంట్లో ఉండేవాణ్ణి గదా, పొద్దున్నే వచ్చి ఈ రాళ్లకి కాపలా ఎందుకు?" అని నాలుగడుగులు వేసి ఆగాడు. "పైన గది కిటికీలు తెరిచొస్తా. ఆ మూడో అంతస్తు తలుపు మళ్లీ పట్టేస్తోందే. ఈ నెల్లో రెండుసార్లు చిత్రిక పట్టా."

"ఉబ్బిందేమో."

"ఎండల్లో ఉబ్బే చెక్కని నేనెక్కడా చూళ్లేదు. దానికి పొగరు, అంతే."

ఆయన మెట్లెక్కి లోపలికి వెళ్లిపోయాడు. ఆమె ఫొటో తీసింది. టికెట్ల గది వసారాలో గోడకి వీపు ఆనించి కూర్చుని కంప్యూటరు తెరిచింది. అలవాటు కొద్దీ బురుజు అంచు పట్టుకుని తిన్నగా వచ్చేదాకా ఫొటోని తిప్పింది. ఎంత తిప్పిందో అంకె పక్కన పడుతుంది.

సున్నా పాయింటు తొమ్మిది.

దాదాపు ఒక డిగ్రీ. ఇంత ఎప్పుడూ రాలేదు. కెమెరా కాళ్లని తిట్టుకుంది. లేచి వెళ్లి బుడగ చూసింది. బుడగ నడిమధ్యలో, కదలకుండా ఉంది. మళ్లీ వచ్చి కూర్చుంది. రెండేళ్ల కిందట ఇలాగే అంకె పెరిగిందని కెమెరా కాళ్లు మార్చేసింది. నిరుడు లెన్సుని బాగుచేసేవాడికిచ్చింది. వాడు నాలుగు రోజులుంచుకుని, "లెన్సు బంగారంలా ఉందమ్మా, కళ్లజోడు మార్చుకోండి" అని తిరిగిచ్చాడు. ఆమె కళ్లజోడు కూడా మార్చుకుంది.

సరే, ముందు పని కానిద్దామని ఫొటో కుడి అంచు కోయబోయింది. ఏటా కోస్తుంది. బురుజుని తిన్నగా తిప్పితే కుడి పక్క మూలనున్న టికెట్ల గది అవతలికి వంగినట్టు పడి, ఫొటో చెడుతుంది. అందుకని దాన్ని కోసి పారేస్తుంది. పదకొండేళ్లుగా కోసి పారేస్తోంది.

చెయ్యి ఆగిపోయింది.

ఆ గది గోడకే ఆమె వీపు ఆనించి కూర్చుంది.

మెడలో రసమట్టం తీసి గోడకి నిలువుగా ఆనించింది. బుడగ మధ్యకొచ్చింది. గది నాలుగు మూలలా పెట్టి చూసింది. నాలుగు చోట్లా మధ్యే. గోడ తిన్నగా ఉంది. దిద్దకముందు ఫొటోలోనూ ఈ గోడ తిన్నగానే ఉంది. అంటే కెమెరా మోసం చెయ్యలేదు. కెమెరా ఉన్నది ఉన్నట్టే చూపించింది. మోసం చేసింది ఎవరో ఆమెకి అప్పుడర్థమైంది.

పాత ఫొటోలన్నీ తెరిచింది. ఏ ఫొటోని ఎంత తిప్పిందో కంప్యూటరు దాచి ఉంచుతుంది, మనిషిలా మర్చిపోదు. మొదటి మూడేళ్లూ సున్నా పాయింటు ఒకటి. తర్వాత మూడేళ్లు రెండు. తర్వాత మూడు, మూడు, నాలుగు. నిరుడు అయిదు. ఈ పొద్దున తొమ్మిది. ముప్పై మీటర్ల ఎత్తుకి లెక్కవేసింది. బురుజు తల మూరెడు పడమటికి జరిగింది. అందులో జానెడు ఈ ఒక్క ఏడాదిలోనే. ఈ ఏడాది గోయి తవ్వారు.

పదకొండేళ్లుగా బురుజు ఆమెకి చెబుతూనే ఉంది. ప్రతిసారీ దాని నోరు మూసి, నిటారుగా నిలబెట్టి, చక్కగా ఫ్రేము కట్టి పంపింది.

ఫోను మోగింది. మేనమామ.

"అమ్మాయ్, కంగారు పడకు. గాలికి తలుపు మూసుకుని పట్టేసింది. నేను లోపల ఉండిపోయా. పనిముట్ల పెట్టె మెట్ల మీదుంది. కాస్త పైకొచ్చి బయట్నుంచి తోస్తావేంటి?"

"మావయ్యా, ఎక్కడ నిలబడ్డావ్?"

"కిటికీ దగ్గర. గాలి బాగుంది."

"ఏ కిటికీ?"

"పడమటిది. మీ అత్తయ్య బట్టలారేస్తోంది, పిలుద్దామా అనుకుంటున్నా."

"అక్కణ్ణుంచి ఇవతలికి రా. తూర్పు గోడకి ఆనుకుని కూర్చో. గట్టిగా అడుగులెయ్యకు."

"ఏమైందే?"

"వచ్చి చెప్తా. కూర్చో ముందు."

ఆమె పరిగెత్తింది. వద్దని తెలిసీ పరిగెత్తింది. బురుజు లోపల చుట్టుమెట్లు నూట పన్నెండు. మూడేళ్ల మరమ్మతుల్లో ఆ మెట్లకి సున్నం కొట్టారు, దీపాలు పెట్టారు, "జాగ్రత్తగా నడవండి" అని పలకలు తగిలించారు. పునాది వైపు ఒక్కడూ తొంగి చూడలేదు. పదో మెట్టు దాటాక పరుగు ఆపేసింది. మునివేళ్ల మీద ఎక్కింది. మెట్లు ఒక చుట్టు తిరిగి పడమటికి వచ్చిన ప్రతిసారీ ఎవరో భుజం పట్టుకుని గోడవైపు మెల్లగా లాగినట్టుంది. తూర్పుకి తిరిగితే ఎదురు కొండ ఎక్కినట్టుంది. ఎన్నిసార్లెక్కిందీ మెట్లు. ఎప్పుడూ ఆయాసమనే అనుకుంది.

డెబ్భయ్యో మెట్టు దగ్గర కొత్త సున్నంలో ఒక గీత. వేలు పెట్టి చూసింది, గోరు దిగింది. గీతలోంచి సన్నటి ఇసుక రాలుతోంది, చేటలోంచి నూక జారినట్టు, ఆగకుండా. ఎక్కడో గోడ లోపల రాయి మీద రాయి నలిగిన చప్పుడు వినపడి ఊరుకుంది. ఇసుక రాలుతూనే ఉంది.

"వస్తున్నావా?" పైనుంచి మేనమామ గొంతు.

"వస్తున్నా. అరవకు."

తలుపు ముందుకి చేరింది. తోసింది. కదల్లేదు. తోయడం ఆపి, ఫొటోలు తీసే కంటితో చూసింది. తలుపు నలుచదరంగానే ఉంది. గుమ్మమే అలా లేదు. ఎడమ పక్క పైమూల రాయి తలుపుని నొక్కేస్తోంది. కుడి పక్క పైమూల మూడు వేళ్లు దూరేంత సందు. చెక్క ఉబ్బలేదు, పొగరూ పట్టలేదు. చతికిలబడుతున్న గుమ్మం మధ్య ఆ తలుపు ఒక్కటే తిన్నగా నిలబడింది. దానికి నెల్లో రెండుసార్లు చిత్రిక పట్టారు. మేనమామ, మేనకోడలు, ఇద్దరూ ఒకే పని చేశారు. తిన్నగా ఉన్నదాన్ని చెక్కి, వంకరదానికి సరిపోయేలా చేశారు.

"మావయ్యా, బందులు నీ వైపేగా?"

"నా వైపే."

"సందులోంచి ఉలి, సుత్తి అందిస్తా. బందుల మేకులు పైకి కొట్టి లాగెయ్యి. తలుపు మొత్తం ఊడొస్తుంది."

"ముప్పై ఏళ్ల తలుపే. పెచ్చు కూడా ఊడకుండా చూసుకున్నా."

"బురుజు ఒరుగుతోంది."

"ఎంత?" అన్నాడు, అదే గొంతుతో.

"మూరెడు."

"అయితే తలుపు పోతే పోయింది. ఉలి ఇటు తే."

ఉలి దూరింది. సుత్తి దూరలేదు. పిడి ఊడగొట్టి, తల వేరుగా పిడి వేరుగా పంపింది. లోపల ఆయన సుత్తి తలని రుమాల్లో చుట్టి, చప్పుడు రాకుండా ఒక్కో దెబ్బే వేశాడు. దెబ్బకీ దెబ్బకీ మధ్య ఇద్దరూ చెవులు రిక్కించారు. మొదటి మేకు వచ్చింది. రెండోది సగం దాకా వచ్చి మొండికేసింది.

"మీ అత్తయ్యలా ఉందే ఇది. ఒక పట్టాన రాదు."

"ఈ మాట కిందికెళ్లాక ఆవిడకి చెప్తా."

"కిందికెళ్తే చెప్పు. నేనేం వద్దన్లేదు."

రెండో మేకు ఊడింది. తలుపు వాళ్ల మీద పడకుండా ఇద్దరూ చెరో వైపునుంచి భుజమిచ్చి దించారు. ఆయన మోచెయ్యి గీరుకుపోయి రక్తం వచ్చింది. ఆమె వెళ్దామని తిరిగి, మళ్లీ ఆగి, ఫోను తీసి ఖాళీ గుమ్మాన్ని ఫొటో తీసింది. పక్కన రసమట్టం పట్టుకుని, బుడగ కనపడేలా తీసింది.

"ఇప్పుడు ఫొటో ఏంటే తల్లీ?"

"ఇది దిద్దను మావయ్యా."

కిందికి దిగాక మేనమామ మెట్ల తలుపు మూసి, పెద్ద తాళం వేశాడు. ఎప్పటిలా లాగి చూడలేదు. లాగాలంటే భయమేసిందని తర్వాత చెప్పాడు.

తొమ్మిదిన్నరకి డైరెక్టరు వచ్చాడు. మడత నలగని చొక్కా. వెనకాల ఫైలు పట్టుకుని గుమాస్తా, పళ్లెంలో రిబ్బను కత్తెర.

"మేడమ్, ఫొటో ఏది? బోర్డు మీద పాతదే ఉంచాల్సొచ్చింది."

"మెట్లు మూసెయ్యండి సార్. బురుజు ఒరిగింది."

"ఏ బురుజు?"

"ఇక్కడ ఇంకోటుందా సార్?" అన్నాడు మేనమామ.

ఆమె కంప్యూటరు ఆయన ముందు పెట్టింది. పదకొండు ఫొటోలూ వరసగా, దిద్దనివి. పక్కన టికెట్ల గది గోడ. అంకెలు. తర్వాత గుమ్మం ఫొటో. ఆయన అన్నీ చూశాడు. తొందరపడలేదు, ఆశ్చర్యపడలేదు. అది చూసే ఆమెకి అనుమానం వచ్చింది.

"పాత కట్టడాలు మేడమ్. కాస్త అటూ ఇటూ ఉంటాయి. వయసు మీదపడితే మనిషి నడుము వంగదా?"

"ఏడాదిలో జానెడు వంగితే ఆస్పత్రిలో చేరుస్తాం సార్. మెడలో దండేసి రెండొందల మందిని నెత్తినెక్కించం."

ఆయన కంప్యూటరు మూత మెల్లగా మూశాడు. "ఇది కొత్త సంగతేం కాదు. రెండేళ్ల కిందట ఒక ఇంజనీరు ఇదే పాట పాడాడు. విచారించాం, ఫైలు మూసేశాం. ఆయన ఇప్పుడు వేరే చోట ఉన్నాడు."

"ఏం చూసి మూసేశారు?"

ఆయన చెయ్యి చాపాడు. గుమాస్తా ఫైలు అందించాడు. అందులో ఒక పేజీ తిప్పి ఆమె వైపు తోశాడు. అనుబంధం రెండు. ఆమె తీసిన ఫొటో. నీలాకాశం కింద గీత గీసినట్టు నిటారుగా బురుజు. కింద ఒక వాక్యం: కట్టడాన్ని ఉన్నది ఉన్నట్టుగా తీసిన ఛాయాచిత్రమని ధ్రువీకరిస్తున్నాను. కింద ఆమె సంతకం.

ఏటా ఫొటోలు ఇచ్చేటప్పుడు శాఖ నుంచి ఒక కాగితాల కట్ట వచ్చేది. ఎక్కడ గుర్తు పెడితే అక్కడ సంతకం పెట్టేది. ఒక్కటీ చదవలేదు. పటం అంగుళం వంకరగా ఉంటే ఓర్చుకోలేని మనిషి, తన పేరు ఎక్కడ పడుతోందో చూసుకోలేదు.

"స్కేలు పెట్టి మరీ చూశాం మేడమ్," అన్నాడు డైరెక్టరు. "వెంట్రుకవాసి తేడా లేదు."

"ఎందుకుంటుంది సార్? నేనే దిద్దాను."

"అంటే మీ సంతకం అబద్ధమా?" ఆయన గొంతు తగ్గించాడు. "ఆలోచించుకోండి. ఇదొక్కటీ అబద్ధమైతే పదకొండేళ్లూ అబద్ధమే. ఈ పనికి మిమ్మల్ని మళ్లీ ఎవరూ పిలవరు. అదే నోరు మూసుకుంటే ఓ రెండు గంటల్లో కార్యక్రమం అయిపోతుంది. తర్వాత మనం మెల్లగా చూసుకుందాం."

ఆమె పేజీ మీద తన సంతకం దగ్గర వేలు పెట్టింది. కోటలూ వంతెనలూ, చీకటితో లేచి పట్టుకున్న బస్సులూ, గీతకి గీత కలిపి దిద్దిన వందల ఫొటోలూ ఆ ఒక్క మాటకి వేలాడుతున్నాయి. మేనమామ ఆమె వైపు చూడకుండా మోచేతి రక్తం తుడుచుకుంటున్నాడు.

"అబద్ధమే," అంది. "రాసుకోండి. రాశాక కింద సంతకం కూడా పెడతా. ఈసారి చదివి పెడతా."

డైరెక్టరు ఫైలు మూసి గుమాస్తాకిచ్చాడు. మేనమామ వైపు తిరిగాడు. "తాళంచెవి ఇటివ్వు."

"ఇస్తాను సార్." ఆయన గుత్తిలోంచి పెద్ద తాళంచెవి తీశాడు. నడుచుకుంటూ గోతి అంచుకి వెళ్లాడు. గుప్పిట విప్పాడు. బుడుంగుమంది. "అయ్యయ్యో, జారింది సార్. మీరు తవ్వించిన గోతిలోనే లెండి, ఎక్కడికీ పోదు."

"నీ ఉద్యోగం పోయింది."

"అది కూడా అందులోనే వెతుక్కుంటా."

డైరెక్టరు తాళాలు కోసేవాడికి ఫోను చేశాడు. వాడు రావడానికి అరగంట.

ఆ అరగంటలో మేనమామా మేనకోడలూ సందులోకి వెళ్లారు. ఇంటింటికీ చెప్పారు. బయటికి రండి, బురుజు మన మీదికే వస్తోంది. ఎవరూ కదల్లేదు. అత్తయ్య, "పొయ్యి మీద గిన్నె ఉంది, దింపి వస్తా," అంది. "మన మీద బురుజు ఉందే," అన్నాడు మేనమామ. "ముప్పై ఏళ్లుగా ఉంది. ఇవాళ కొత్తగా నీ కంట పడిందా?" అని ఆవిడ లోపలికి పోయింది.

దర్జీ అయితే మిషను మీంచి తలెత్తకుండా గోడవైపు గుడ్డల కొలకర్ర చూపించాడు. గోడ మీద క్యాలెండరు. క్యాలెండరు మీద బురుజు. "ఇదిగో అక్కా, నువ్వు తీసిందే కదా. నా కొలకర్ర కంటే తిన్నగా ఉంది. రోజూ పొద్దున దాన్ని చూసే కత్తెర పట్టుకుంటా. ఇప్పుడొచ్చి ఒరిగిందంటే ఎట్లా?"

నలభై ఇళ్లలో ఎన్ని గోడల మీద ఆ బురుజుని నిలబెట్టిందో ఆమెకి అప్పుడు తెలిసింది. ఆ మనుషుల్ని ఇళ్లలో కట్టిపడేసింది గోతికన్నా ముందు తన ఫొటోయే.

"నీ కత్తెర తీసుకుని రా," అంది. "గట్టి దారం కూడా. నా మాట నమ్మకు. నా ఫొటో అసలే నమ్మకు. రా."

దర్జీ సణుగుతూనే వచ్చాడు. రాతి పలక మీద నిలబెట్టింది. అరమీటరు దారానికి బరువైన కత్తెర కట్టి, చెయ్యి చాపి కంటి ముందు వేలాడదీయమంది. కత్తెర ఊగి ఊగి ఆగింది. బరువు కట్టిన దారానికి ఎవరి సంతకంతోనూ పని లేదు, అది నిలువుగా ఆగడం తప్ప ఇంకోటి ఎరగదు.

"ఒక కన్ను మూసి, దారాన్ని బురుజు కుడి అంచుకి కింద సరిగ్గా ఆనించు. బురుజు కింద ఎంత వెడల్పో పైనా అంతే. ఇప్పుడు మెల్లగా పైకి చూడు."

దర్జీ చూశాడు. కింద దారం రాయిని తాకుతోంది. పైకి పోయేకొద్దీ దారానికీ రాతికీ మధ్య ఆకాశం కనపడుతోంది. పైన బాగా కనపడుతోంది.

ఆయన చెయ్యి దించాడు. కత్తెర నేలకి తగిలింది. సందులోకి పరిగెత్తాడు. రెండు నిమిషాల్లో భార్యా, ముసలి తల్లీ బయటికొచ్చారు, మిషనుతో సహా. తర్వాత జనం పలక ముందు వరస కట్టారు. ఒక్కొక్కరే దారం పట్టుకోవడం, ఒక కన్ను మూయడం, పైకి చూడటం, ఇంటికి పరిగెత్తడం. అత్తయ్య గరిటె చేత్తోనే వచ్చి చూసింది. మొగుడి వైపు తిరిగి, "పొద్దున దీని పైకెక్కావా?" అంది. ఆయన తలూపాడు. ఆవిడ గరిటెతో కొట్టబోయి, మోచెయ్యి చూసి ఆగిపోయింది.

రసమట్టం గేటు దగ్గర బోర్డు మీద తన పాత ఫొటో పక్కన నల్ల రంగుతో బురుజు అసలు ఒరుగు చూపించే గీత గీసింది. కింద పెద్ద అక్షరాలతో రాసింది: ఈ బురుజుని నిటారుగా దిద్దింది నేను. ఇది ఇలా లేదు. పైకెక్కకండి. కింద సంతకం పెట్టింది.

తాళాలు కోసేవాడు వచ్చాడు. జనం ఏం చూస్తున్నారో అని వాడూ వరసలో నిలబడి చూశాడు. సంచీ నేల మీద పెట్టేశాడు. "నేను కొయ్యను సార్. నాకు ఇంటిదగ్గర పని ఉంది," అన్నాడు. డైరెక్టరు ఇంకొకడికి ఫోను చేశాడు. వాడు దారిలో ఉన్నాడు. రెండు వందల మంది బస్సులు కూడా దారిలో ఉన్నాయి. సందులో ఇంకా పన్నెండిళ్లు ఖాళీ కాలేదు, మంచాన పడ్డవాళ్లున్నారు. పదకొండుకి ఇరవై నిమిషాలుంది.

అందరూ చూశారు. డైరెక్టరు గారూ, మీరొక్కరే ఇంకా చూడలేదు.

కనక ఇప్పుడు చెప్పేది చెయ్యండి. ఆ రిబ్బను కత్తెర పళ్లెం కింద పెట్టి, రాతి పలక మీదికి రండి. దర్జీ దారం ఇస్తాడు, పట్టుకోండి. ఒక కన్ను మూయండి. రెండోది కూడా మూసుకోవడం మీకు అలవాటే, ఈ ఒక్కసారికి తెరిచి ఉంచండి. చూశాక బస్సుల్ని దారిలోనే ఆపించండి, రెండో తాళంవాణ్ణి వెనక్కి పంపండి, ఆ మంచాలు మొయ్యడానికి మీ సిబ్బందిని సందులోకి దించండి. మీరూ ఒక మంచం కోడు పట్టండి, మడత నలిగితే నలిగింది. గొట్టానికి చుట్టిన గుడ్డ విప్పి నీళ్లు ఎక్కడ ఆపాలో అక్కడ ఆపించండి. వేరే చోటికి తరిమేసిన ఆ ఇంజనీరుని ఈ రోజే పిలిపించండి, ఆయన రాసిన కాగితం మీద నుంచి ఆ ఫొటో తీసెయ్యండి. దాని చోట పదకొండు ఫొటోలూ పెట్టండి, దిద్దనివి. సందులోవాళ్లని ఎక్కడుంచుతారో రేపు చెప్తాననకండి. మీ ఆఫీసులో గదులున్నాయి, వాటికి కప్పు ఉంది, అది ఎటూ ఒరగడం లేదు.

గోతిలోకి దిగి తాళంచెవి వెతకడం మాత్రం అక్కర్లేదు. అది అక్కడే ఉండనివ్వండి. మిగిలినవన్నీ ఇప్పుడే, పదకొండు కొట్టకముందే.